రసాయన ఆయుధాల ఒప్పందం కింద నియంత్రించే విష రసాయనాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ విషయం మీద వచ్చే సందేహాలు దాదాపు ఎప్పుడూ అవే. కర్మాగారంలో పనిచేసేవారు తమ దగ్గరున్న డ్రమ్ము జాబితాలోకి వస్తుందా అని అడుగుతారు. రసాయనశాస్త్ర విద్యార్థులు క్లోరిన్ ఎందుకు లేదని అడుగుతారు. వార్తలు చదివేవారికి బాష్పవాయువు దగ్గర చిక్కు పడుతుంది. ఒకే జవాబును పదేపదే రాయడం కంటే ఒకచోట పెట్టడం మేలనిపించి వీటిని కూర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## ఒప్పందం గురించి

అసలు ఏ ఒప్పందం గురించి మాట్లాడుతున్నాం? దాన్ని ఎవరు అమలు చేస్తారు?

1993 జనవరి 13న పారిస్‌లో సంతకాలు మొదలై, 1997 ఏప్రిల్ 29న అమల్లోకి వచ్చిన రసాయన ఆయుధాల నిషేధ ఒప్పందం గురించి. ఇందులో 193 దేశాలు సభ్యులు. ఈజిప్టు, ఉత్తర కొరియా, దక్షిణ సూడాన్ చేరలేదు. ఇజ్రాయెల్ సంతకం చేసింది గాని ధ్రువీకరించలేదు. అమలును చూసేది నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఉన్న రసాయన ఆయుధాల నిషేధ సంస్థ, అంటే ఓపీసీడబ్ల్యూ. చాలామంది దీన్ని ఐక్యరాజ్యసమితి శాఖ అనుకుంటారు, కానీ ఇది సమితితో కలిసి పనిచేసే స్వతంత్ర సంస్థ. 2013లో దీనికి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

విషవాయువులను 1925లోనే నిషేధించారు కదా, మళ్లీ ఇంకో ఒప్పందం ఎందుకు?

1925 నాటి జెనీవా ప్రోటోకాల్ యుద్ధంలో విషవాయువులను వాడటాన్ని మాత్రమే నిషేధించింది. తయారు చేసుకోవడాన్ని గాని, గోదాముల్లో దాచుకోవడాన్ని గాని తప్పనలేదు. పైగా చాలా దేశాలు "శత్రువు ముందు వాడితే మేమూ వాడతాం" అన్న షరతుతో సంతకం చేశాయి. దాంతో అది నిషేధం కాస్తా "నువ్వు మొదలుపెట్టకపోతే నేనూ మొదలుపెట్టను" అనే మాటగా మిగిలింది. తనిఖీ చేసే యంత్రాంగం కూడా లేదు.

నిజానికి ఇలాంటి ప్రయత్నాలు అంతకుముందూ జరిగాయి. విషం పూసిన తూటాలు వాడకూడదని 1675లోనే స్ట్రాస్‌బర్గ్‌లో ఫ్రాన్స్, పవిత్ర రోమన్ సామ్రాజ్యం ఒప్పుకున్నాయి. ఊపిరాడకుండా చేసే వాయువులు నింపిన గుండ్లను ప్రయోగించబోమని 1899లో హేగ్‌లో దేశాలు మాటిచ్చాయి. పదహారేళ్లు తిరగకముందే, 1915 ఏప్రిల్ 22న, బెల్జియంలోని ఈప్ర దగ్గర జర్మన్ సైన్యం క్లోరిన్ వదిలింది. గుండ్లతో కాకుండా సిలిండర్ల మూతలు తిప్పి గాలివాటున వదిలింది కాబట్టి 1899 నాటి మాటను అక్షరాలా తప్పలేదని వాదించడానికి కూడా వీలు దొరికింది. 1988 మార్చి 16న ఇరాక్‌లోని హలబ్జాలో విషవాయు దాడికి వేలమంది పౌరులు చనిపోయే నాటికి జెనీవా ప్రోటోకాల్ ఒక్కటే చాలదని అందరికీ తేలిపోయింది. అందుకే 1993 ఒప్పందం వాడకంతో పాటు రూపకల్పన, తయారీ, సేకరణ, నిల్వ, బదిలీ అన్నిటినీ నిషేధించి, ఉన్నవాటిని నాశనం చేయమని, తనిఖీకి తలుపులు తెరవమని కోరింది.

ఒప్పందం దృష్టిలో "రసాయన ఆయుధం" అంటే ఏది?

ఇక్కడే అందరూ తడబడతారు. ఒక జాబితా ఉందని, అందులో ఉన్నవి ఆయుధాలని, లేనివి కావని అనుకుంటారు. ఒప్పందంలోని నిర్వచనం అలా లేదు. ప్రాణుల జీవక్రియల మీద రసాయనికంగా పనిచేసి మరణాన్ని గాని, తాత్కాలిక అశక్తతను గాని, శాశ్వత హానిని గాని కలిగించగల ఏ పదార్థమైనా, దాన్ని తయారుచేయడానికి పనికొచ్చే మూల రసాయనమైనా, అనుమతి ఉన్న ప్రయోజనం కోసం కాకపోతే ఆయుధమే. ఆ ప్రయోజనానికి తగిన రకంలో, తగిన పరిమాణంలో లేకపోయినా ఆయుధమే. విషాన్ని వెదజల్లడానికే ప్రత్యేకంగా తయారైన గుండు లోపల ఖాళీగా ఉన్నా ఆయుధం కిందికే వస్తుంది.

ఒక పసుపు రంగు క్లోరిన్ సిలిండర్‌ను తీసుకుందాం. నీటిశుద్ధి కేంద్రంలో ఉన్నంతసేపు అది మామూలు పారిశ్రామిక సరుకు. 2018 ఏప్రిల్ 7న సిరియాలోని డూమాలో అలాంటి రెండు సిలిండర్లు హెలికాప్టర్ నుంచి నివాస భవనాల మీద పడ్డాయని, 43 మంది చనిపోయారని, అది సిరియా వైమానిక దళం పనేనని నమ్మడానికి సహేతుకమైన ఆధారాలున్నాయని ఓపీసీడబ్ల్యూ దర్యాప్తు బృందం 2023 జనవరిలో తేల్చింది. సిలిండర్ అదే, లోపలున్న వాయువూ అదే. దాన్ని ఎందుకు వాడారన్నదే దాన్ని ఆయుధంగా మార్చింది.

అయితే అనుమతి ఉన్న ప్రయోజనాలు ఏవి?

పరిశ్రమ, వ్యవసాయం, పరిశోధన, వైద్యం, ఔషధ తయారీ వంటి శాంతియుత పనులు. ముసుగులు, విరుగుడు మందులు పరీక్షించడం వంటి రక్షణ అవసరాలు. విష స్వభావంతో సంబంధం లేని సైనిక ఉపయోగాలు, ఉదాహరణకు విషపూరితమైన రాకెట్ ఇంధనం. అల్లర్ల అదుపుతో సహా శాంతిభద్రతల పరిరక్షణ.

## షెడ్యూళ్ల గురించి

షెడ్యూళ్లు మూడు ఎందుకు? ఒకటో దానిలోవి మూడో దానికంటే ఎక్కువ ప్రమాదకరమా?

షెడ్యూళ్లు అంటే ఒప్పందానికి జతచేసిన రసాయనాల జాబితాలు. వాటి వరుస విషపు తీవ్రతను బట్టి పెట్టింది కాదు. ఒక రసాయనం వల్ల ఆయుధపు ముప్పు ఎంత, శాంతియుత వాడకం ఎంత అన్న రెంటినీ తూచి పెట్టిన వరుస ఇది. ఒకటో షెడ్యూల్లోని వాటికి ఆయుధాల బయట ఉపయోగం దాదాపు లేదు. రెండో దానిలోవి పరిశ్రమకు కొద్దిగా అవసరం. మూడో దానిలోవి పెద్ద మొత్తాల్లో తయారయ్యే వాణిజ్య సరుకులు. మొదటి ప్రపంచ యుద్ధంలో వాయుదాడుల వల్ల చనిపోయినవారిలో ఎక్కువమందిని బలిగొన్న ఫాస్జీన్ ఉన్నది మూడో షెడ్యూల్లోనే. "మూడో నంబరే కదా, పర్వాలేదు" అని తేలిగ్గా తీసుకునే వారికి ఈ ఒక్క ఉదాహరణ చెబితే చాలు.

ఒకటో షెడ్యూల్లో ఏమేమి ఉన్నాయి?

నరాల వ్యవస్థను దెబ్బతీసే సారిన్, సోమన్, టాబున్, వీఎక్స్. చర్మాన్ని బొబ్బలెక్కించే సల్ఫర్ మస్టర్డ్, నైట్రోజన్ మస్టర్డ్, లూయిసైట్ రకాలు. జీవుల నుంచి వచ్చే విషాలైన శాక్సిటాక్సిన్, రైసిన్. వీటితో పాటు చివరి మెట్టులో నాడీ విషాలుగా మారే కొన్ని మూల రసాయనాలు. 2018 మార్చిలో ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీలో నోవిచోక్ అనే నాడీ విషంతో దాడి జరిగింది. అక్కడ పారేసిన నకిలీ సెంటు సీసాలోని ద్రవం తగిలి, నాలుగు నెలల తర్వాత దాడితో ఏ సంబంధమూ లేని ఒక మహిళ చనిపోయింది. ఆ ఘటన తర్వాత నోవిచోక్ కుటుంబాలను చేర్చాలని 2019 నవంబరులో సభ్య దేశాలు నిర్ణయించగా, 2020 జూన్ 7 నుంచి ఆ మార్పు అమల్లోకి వచ్చింది. ఒప్పందం పుట్టాక షెడ్యూళ్లను సవరించడం అదే మొదటిసారి.

రెండో, మూడో షెడ్యూళ్లలోని రసాయనాలు మామూలు వస్తువుల్లో ఉంటాయా?

ఉంటాయి. రెండో షెడ్యూల్లోని థయోడైగ్లైకాల్ బాల్‌పెన్ను సిరాలోను, బట్టల అద్దకంలోను ద్రావణిగా పనికొస్తుంది. అదే మస్టర్డ్ గ్యాస్‌కు మూల రసాయనం కూడా. మూడో షెడ్యూల్లోని ట్రైఇథనాలమీన్ క్రీములు, షాంపూల తయారీలో రోజూ వాడేది. ఫాస్జీన్ లేకపోతే కళ్లద్దాలకు, హెల్మెట్ల ముందు పలకలకు వాడే పాలీకార్బొనేట్, పరుపుల్లోని పాలీయూరిథేన్ నురుగు ఈ స్థాయిలో ఉత్పత్తి కావు. హైడ్రోజన్ సయనైడ్ ప్లాస్టిక్కులకు, థయోనిల్ క్లోరైడ్ మందులకు, కొన్ని రకాల లిథియం బ్యాటరీలకు, ఫాస్ఫరస్ ట్రైక్లోరైడ్ పురుగుమందులకు కావాలి. వీటిని నిషేధిస్తే పరిశ్రమ ఆగిపోతుంది, వదిలేస్తే ఆయుధాలకు దారి తెరిచినట్టవుతుంది. అందుకే ఎవరు ఎంత చేశారో, ఎటు పంపారో చెప్పమని ఒప్పందం అడుగుతుంది. ఇలా చెప్పడాన్నే ప్రకటన అంటారు.

మొదటి ప్రపంచ యుద్ధంలో మొదట వాడిన క్లోరిన్ ఏ షెడ్యూల్లోనూ ఎందుకు లేదు?

తాగునీటి శుద్ధి నుంచి పీవీసీ గొట్టాల వరకు క్లోరిన్ అవసరం లేని పరిశ్రమ తక్కువ. ప్రపంచమంతటా కోట్ల టన్నుల్లో తయారయ్యే సరుకును లెక్కకట్టి తనిఖీ చేయడం ఏ సంస్థకూ సాధ్యం కాదు. షెడ్యూళ్లు తనిఖీ కోసం పుట్టినవి, నిషేధపు హద్దులు గీయడానికి కాదు. జాబితాలో లేకపోయినా క్లోరిన్‌ను మనుషుల మీద ప్రయోగిస్తే అది రసాయన ఆయుధమే.

భోపాల్‌లో లీకైన వాయువు ఈ జాబితాలో ఉందా?

లేదు. 1984 డిసెంబరు 2-3 రాత్రి బయటికి వచ్చిన మిథైల్ ఐసోసయనేట్ ఏ షెడ్యూల్లోనూ లేదు. అది పారిశ్రామిక ప్రమాదం; విషంగా ప్రయోగించాలన్న ఉద్దేశంతో జరిగింది కాదు కాబట్టి ఆయుధాల ఒప్పందం పరిధిలోకి రాదు. అయితే ఆ వాయువును తయారుచేయడానికి అక్కడ వాడిన ఫాస్జీన్ మాత్రం మూడో షెడ్యూల్లో ఉంది. కర్మాగార భద్రత, ఆయుధ నియంత్రణ రెండు వేర్వేరు చట్టాల పని. ఒకదానికి కాగితాలు సక్రమంగా ఉన్నాయంటే రెండోదానికీ ఉన్నట్టు కాదు.

రైసిన్ ఒకటో షెడ్యూల్లో ఉందంటే ఆముదం తీయడం కూడా నేరమవుతుందా?

కాదు. రైసిన్ ఆముదపు గింజలో ఉండే ప్రోటీను. అది నూనెలో కరగదు, పిండిలోనే ఉండిపోతుంది, మిల్లులో వేడి తగిలినప్పుడు పనికిరాకుండా పోతుంది. ఆముదం మిల్లులు రైసిన్‌ను విడదీయవు కాబట్టి వాటిని ఒకటో షెడ్యూల్ ప్రకటనల పరిధి నుంచి మినహాయిస్తూ సభ్య దేశాలు నిర్ణయం తీసుకున్నాయి. రైసిన్‌ను శుద్ధి చేసి వేరుచేయడం మొదలైతే మాత్రం అది ఒకటో షెడ్యూల్ రసాయనమే. జీవుల నుంచి వచ్చే విషం కాబట్టి 1972 నాటి జీవాయుధాల ఒప్పందం కూడా దానికి వర్తిస్తుంది.

పురుగుమందులకు, నాడీ విషాలకు నిజంగా చుట్టరికం ఉందా?

ఉంది. 1936లో జర్మనీలో గెర్హార్డ్ ష్రాడర్ కొత్త పురుగుమందుల కోసం వెతుకుతుండగా టాబున్ బయటపడింది. సారిన్ దాని వెంటే 1938లో వచ్చింది. నరాలకు, కండరాలకు మధ్య సంకేతం అందించిన అసిటైల్‌కోలిన్‌ను ఎప్పటికప్పుడు విరగ్గొట్టే ఒక ఎంజైము మన ఒంట్లో ఉంటుంది. ఆర్గానోఫాస్ఫరస్ పురుగుమందులు, నాడీ విషాలు రెండూ ఆ ఎంజైమునే పట్టి ఆపుతాయి. అప్పుడు సంకేతం ఆగకుండా సాగుతూనే ఉంటుంది: కంటిపాప చిన్నదవుతుంది, చొంగ కారుతుంది, చివరికి ఊపిరి తీసే కండరాలు పనిచేయవు. రెంటికీ తేడా తీవ్రతలో, ఒంట్లోకి దూరే వేగంలో ఉంది. పురుగుమందుగా అమ్మకానికి వచ్చి, మరీ విషపూరితమని ఉపసంహరించిన అమిటాన్ ఇప్పుడు రెండో షెడ్యూల్లో ఉంది. వాడుకలో ఉన్న మామూలు పురుగుమందులు షెడ్యూళ్లలో లేవు గాని, వాటి ముడిసరుకుల్లో కొన్ని ఉన్నాయి.

క్యాన్సర్ మందుల్లో మస్టర్డ్ గ్యాస్ ఉంటుందని విన్నాను, నిజమేనా?

గ్యాస్ ఉండదు, దాని దూరపు బంధువు ఉంటుంది. మస్టర్డ్ రకం విషాలు తెల్లరక్తకణాలను నాశనం చేస్తాయని గమనించిన మీదట, 1942లో యేల్ విశ్వవిద్యాలయంలో లూయిస్ గుడ్‌మన్, ఆల్ఫ్రెడ్ గిల్మన్ నైట్రోజన్ మస్టర్డ్‌ను లింఫోమా రోగి మీద పరీక్షించారు. ఆధునిక కీమోథెరపీ అక్కడే మొదలైందని చెప్పవచ్చు. ఆ వరుసలో వచ్చిన మెక్లోరెథమీన్ ఈనాటికీ ఒకటో షెడ్యూల్లోనే ఉంది, మందుగానూ ఉంది. వైద్య అవసరానికి పరిమిత మోతాదులో తయారీని ఒప్పందం అనుమతిస్తుంది. తర్వాత వచ్చిన సైక్లోఫాస్ఫమైడ్, క్లోరాంబ్యుసిల్ షెడ్యూళ్లలో లేవు.

## కర్మాగారం, ప్రయోగశాల స్థాయిలో

మా డ్రమ్ము మీదున్న పేరు జాబితాలో కనబడటం లేదు. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?

పేరును నమ్ముకోవద్దు. ఒకే రసాయనానికి వ్యాపార నామాలు, పొడి అక్షరాలు, పాత పేర్లు ఎన్నో ఉంటాయి. డ్రమ్ముతో వచ్చిన భద్రతా సమాచార పత్రంలో మూడో విభాగం తెరిచి అక్కడున్న సీఏఎస్ నంబరు, అంటే ఆ రసాయనానికి ఇచ్చిన గుర్తింపు సంఖ్య, చూడండి. ఉదాహరణకు "టీఈఏ 99" అని రాసి ఉన్న డ్రమ్ము పత్రంలో 102-71-6 కనబడితే అది ట్రైఇథనాలమీన్, మూడో షెడ్యూల్లోది. 75-44-5 అయితే ఫాస్జీన్. మిశ్రమమైతే ఎంత శాతమో కూడా అదే పట్టికలో ఉంటుంది.

అయితే సీఏఎస్ నంబరు దొరకలేదని ఊరుకోవడమూ పొరపాటే, నా దృష్టిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే. షెడ్యూళ్లలోని చాలా పద్దులు ఒక్కో రసాయనానివి కావు, కుటుంబాలవి. ఒక నిర్మాణ సూత్రం ఇచ్చి, అందులో ఇమిడే ప్రతి అణువూ షెడ్యూల్లోదే అంటాయి. పక్కన ఇచ్చే సీఏఎస్ నంబర్లు ఉదాహరణలు మాత్రమే. భాస్వరం, కార్బన్ నేరుగా కలిసి ఉన్న పదార్థమైతే నంబరుతో సరిపెట్టకుండా నిర్మాణాన్ని చదవగల రసాయనశాస్త్రవేత్తకు చూపించండి. లవణాల దగ్గర కూడా జాగ్రత్త కావాలి: కొన్ని పద్దులు "వాటి లవణాలతో సహా" అని స్పష్టంగా చెబుతాయి, ట్రైఇథనాలమీన్ వంటి వాటి దగ్గర ఆ మాట లేదు.

ఎంత పరిమాణం దాటితే ప్రకటించాలి?

రెండో షెడ్యూల్లో బీజెడ్ అనే మత్తు పదార్థానికి ఏడాదికి 1 కిలో, అమిటాన్‌కు, పీఎఫ్‌ఐబీ అనే విషవాయువుకు 100 కిలోలు, మిగిలిన మూల రసాయనాలకు 1 టన్ను. మూడో షెడ్యూల్లో ఏడాదికి 30 టన్నులు. ఏ షెడ్యూల్లోనూ లేని నిర్దిష్ట కర్బన రసాయనాలను సంశ్లేషణ ద్వారా ఏడాదికి 200 టన్నులకు మించి తయారుచేసే స్థలాన్ని కూడా ప్రకటించాలి. వాటిలో భాస్వరం, గంధకం, ఫ్లోరిన్‌లలో ఏదైనా ఉన్న ఒక్కో రసాయనానికి 30 టన్నులే హద్దు. హైడ్రోకార్బన్లు లేదా పేలుడు పదార్థాలు మాత్రమే తయారుచేసే స్థలాలకు ఇది వర్తించదు. ఒకటో షెడ్యూల్‌కు ఇలాంటి వెసులుబాటు ఆశించవద్దు. ఇవి ఒప్పందం చెప్పిన హద్దులు. దేశ చట్టం ఇంకా తక్కువ పరిమాణానికే సమాచారం అడగవచ్చు.

మేము తయారుచేయం, కొని వాడుకుంటాం. మాకూ వర్తిస్తుందా?

రెండో షెడ్యూల్ రసాయనమైతే వర్తిస్తుంది. తయారీ, ప్రాసెసింగ్, వినియోగం మూడింటికీ లెక్క చెప్పాలి. గడచిన మూడేళ్లలో ఏ ఒక్క ఏడాదైనా హద్దు దాటినా, వచ్చే ఏడాది దాటుతుందని అంచనా ఉన్నా ప్రకటన తప్పదు. మూడో షెడ్యూల్‌కు తయారీ మాత్రమే లెక్క. కాబట్టి ట్రైఇథనాలమీన్ కొని క్రీములు తయారుచేసేవారు వినియోగాన్ని ప్రకటించనక్కరలేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది: రసాయన చర్య ద్వారా ఏర్పడటమే "తయారీ". అమ్మకపోయినా, రియాక్టరులో పుట్టి అదే ప్లాంటులో తదుపరి దశలో ఖర్చయిపోయినా అది తయారీయే. ఫాస్జీన్‌ను ఇలా సొంత అవసరానికి తయారుచేసుకుని, "మేము ఫాస్జీన్ అమ్మం" అనేవారు ప్రకటన నుంచి తప్పించుకోలేరు.

ప్రకటన ఎవరికి, ఎప్పుడు ఇవ్వాలి?

కర్మాగారం నేరుగా హేగ్‌కు రాయదు. ప్రతి సభ్య దేశం ఒక జాతీయ ప్రాధికార సంస్థను నియమించుకోవాలని ఒప్పందం చెబుతుంది; మీ వివరాలు దానికి వెళ్తాయి, అది దేశం తరఫున పంపుతుంది. గడచిన ఏడాది లెక్కలు ఏడాది ముగిసిన 90 రోజుల్లోగా, రెండు, మూడు షెడ్యూళ్లకు రాబోయే ఏడాది అంచనాలు ఆ ఏడాది మొదలవడానికి 60 రోజుల ముందుగా హేగ్ చేరాలి. అంటే మీ గడువు అంతకంటే ముందే ఉంటుంది. సంవత్సరం అంటే జనవరి నుంచి డిసెంబరు వరకు. ఆర్థిక సంవత్సరం లెక్కలు తీసి పంపితే తిరిగి వస్తాయి.

పరిశోధన కోసం ప్రయోగశాలలో కొన్ని మిల్లీగ్రాముల ఒకటో షెడ్యూల్ రసాయనం చేసుకోవచ్చా?

పరిశోధన, వైద్య, ఔషధ ప్రయోజనాలకు ఒక ప్రయోగశాల ఏడాదికి మొత్తం 100 గ్రాముల లోపు సంశ్లేషణ చేస్తే ఒప్పందం ప్రకటన కోరదు. అంతకు మించితే దేశం ఆమోదించిన కేంద్రంలోనే చేయాలి, అక్కడా ఏడాదికి 10 కిలోలే పరిమితి. ఒక దేశం మొత్తం మీద ఏ సమయంలోనైనా 1 టన్నుకు మించి ఉండకూడదు. విరుగుడు మందులు, ముసుగుల వంటి రక్షణ పరిశోధనకు ఈ 100 గ్రాముల సడలింపు వర్తించదు. ఒప్పందం అడగలేదని చట్టమూ అడగదనుకోవద్దు: మీ జాతీయ ప్రాధికార సంస్థ నుంచి రాతపూర్వకంగా తేల్చుకోకుండా మొదలుపెట్టవద్దు.

వేరే దేశానికి పంపాలంటే ఏ నియమాలు?

ఒకటో షెడ్యూల్ రసాయనాలు సభ్య దేశాల మధ్య మాత్రమే, అనుమతి ఉన్న ప్రయోజనాలకు మాత్రమే కదలాలి. బదిలీకి 30 రోజుల ముందు రెండు దేశాలూ ఓపీసీడబ్ల్యూకు తెలపాలి. అందుకున్న దేశం మరో దేశానికి పంపకూడదు. రోగనిర్ధారణ, వైద్య అవసరాలకు 5 మిల్లీగ్రాములు లేదా అంతకంటే తక్కువ శాక్సిటాక్సిన్ పంపేటప్పుడు మాత్రం బదిలీ సమయానికి తెలిపితే చాలు. చేపల పరీక్షా కేంద్రాలకు నత్తగుల్లల్లో ఈ విషాన్ని కొలవడానికి నమూనా కావాలి, నెల రోజులు ఆగలేవు; అందుకే ఈ సడలింపు తర్వాత చేర్చారు. రెండో షెడ్యూల్ సరుకును 2000 ఏప్రిల్ 29 నుంచి సభ్యులు కాని దేశాలకు పంపకూడదు. మూడో షెడ్యూల్ సరుకును అలాంటి దేశానికి పంపాలంటే అక్కడి ప్రభుత్వం నుంచి తుది వినియోగ ధ్రువపత్రం కావాలి.

## తనిఖీ

ఇన్‌స్పెక్టర్లు చెప్పకుండా వచ్చేస్తారా? మా వ్యాపార రహస్యాల మాటేమిటి?

మామూలు తనిఖీకి ముందుగా చెబుతారు. రెండో షెడ్యూల్ స్థలానికి 48 గంటలు, మూడో షెడ్యూల్ స్థలానికి 120 గంటలు ముందు సమాచారం వస్తుంది. రెండో షెడ్యూల్ స్థలంలో తనిఖీ 96 గంటల వరకు, మూడో షెడ్యూల్ స్థలంలో 24 గంటల వరకు సాగవచ్చు. వాళ్లు చూసేది ముఖ్యంగా రెండు: ప్రకటించిన అంకెలు రికార్డులతో సరిపోతున్నాయా, ఒకటో షెడ్యూల్ రసాయనం జాడ ఎక్కడైనా ఉందా. గేటు రిజిస్టరు, బ్యాచ్ షీట్లు, నిల్వ ట్యాంకు కొలతలు సరిచూస్తారు, అవసరమైతే నమూనా తీయమంటారు. ఉత్ప్రేరకం కూర్పు వంటి రహస్యాన్ని కప్పి ఉంచమని మీరు కోరవచ్చు. అయితే వారి సందేహం తీరడానికి మరో మార్గం చూపాల్సి ఉంటుంది.

ఒక సభ్య దేశం మరో దేశం మీద అనుమానంతో కోరే ఆకస్మిక తనిఖీ వేరే. బృందం దేశంలో దిగడానికి 12 గంటల ముందు మాత్రమే చెబుతారు. దాన్ని ఇంతవరకు ఎవరూ కోరలేదు.

## వాడకం, ఆరోపణలు

పోలీసులు బాష్పవాయువు వాడవచ్చు, సైన్యం యుద్ధంలో వాడకూడదు. ఇదేం న్యాయం?

విడ్డూరంగా కనిపించినా కారణం ఉంది. యుద్ధభూమిలో పొగమేఘం వస్తుంటే అది కళ్లు మండించేదా, ప్రాణం తీసేదా అని ఆగి తేల్చుకునే వ్యవధి ఉండదు. అవతలివాళ్లు చేతిలో ఉన్న ఘోరమైనదాన్ని తీస్తారు. మొదటి ప్రపంచ యుద్ధంలో 1914లో కన్నీళ్లు తెప్పించే పదార్థాలతో మొదలైంది, మరుసటి ఏడాదికే క్లోరిన్ వచ్చింది. అందుకే అల్లర్ల అదుపు పదార్థాలను యుద్ధ పద్ధతిగా వాడకూడదని ఒప్పందం అంటుంది.

శాంతిభద్రతల పేరుతో ఏదైనా వాడవచ్చని కూడా కాదు. 2002 అక్టోబరులో మాస్కో థియేటరులో బందీలను విడిపించడానికి ఫెంటానిల్ జాతి మత్తు పదార్థాన్ని గాలిలోకి వదిలినప్పుడు 120 మందికి పైగా బందీలు చనిపోయారు. మెదడు మీద పనిచేసే అలాంటి రసాయనాలను తుంపరగా వదలడం శాంతిభద్రతల ప్రయోజనం కిందికి రాదని 2021 డిసెంబరులో సభ్య దేశాలు ఓటింగు ద్వారా నిర్ణయించాయి.

తెల్ల భాస్వరం, ఏజెంట్ ఆరెంజ్ రసాయన ఆయుధాలు కావా?

తెల్ల భాస్వరం హాని చేసేది ప్రధానంగా మంటతో. పొగతెరకు గాని, నిప్పు పెట్టడానికి గాని వాడితే ఈ ఒప్పందం వర్తించదు. నిప్పు పెట్టే ఆయుధాలకు 1980 నాటి వేరే ప్రోటోకాల్ ఉంది. దాని విష స్వభావాన్నే ఆసరాగా చేసుకుని మనుషుల మీద వాడితే మాత్రం ఈ ఒప్పందంలోకే వస్తుంది. వియత్నాంలో చల్లిన ఏజెంట్ ఆరెంజ్ కలుపునాశిని. యుద్ధంలో కలుపునాశినుల నిషేధాన్ని ఒప్పందపు పీఠిక గుర్తిస్తుంది గాని, లోపలి నిబంధనల్లో అవి విడిగా లేవు. ఇది ఒప్పందంలోని లోపమేనని నా అభిప్రాయం.

దాడి జరిగి రోజులు గడిచాక విషం గాలిలో కలిసిపోతుంది కదా, ఎలా నిరూపిస్తారు?

విషం పోయినా దాని విరిగిన ముక్కలు ఉండిపోతాయి. సారిన్ నీటితో కలిసి విచ్ఛిన్నమైతే ఏర్పడే ఆమ్లాలు మట్టిలో, గోడ పెచ్చుల్లో వారాల తరబడి దొరుకుతాయి. బాధితుల రక్తంలో ప్రోటీన్లకు అతుక్కున్న గుర్తులూ అలాగే. నమూనా తీసిన క్షణం నుంచి సీలు వేసి, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి మారిందో రాస్తూ హేగ్ సమీపంలోని ఓపీసీడబ్ల్యూ ప్రయోగశాలకు చేరుస్తారు. అక్కడ భాగాలు చేసి, వేర్వేరు దేశాల్లోని గుర్తింపు పొందిన ప్రయోగశాలలకు పంపుతారు. కనీసం రెండింటి ఫలితం కలవాలి. ఏ విషమో చెప్పడం వరకే ఉన్న ఓపీసీడబ్ల్యూకు, ఎవరు ప్రయోగించారో చెప్పే బాధ్యతను 2018 జూన్‌లో అప్పగించారు.

## నిల్వల నాశనం

ఉన్న నిల్వలన్నీ నిజంగా నాశనమయ్యాయా?

ప్రకటించినవి అయ్యాయి. ఎనిమిది దేశాలు కలిపి 72,304 టన్నులు ప్రకటించాయి. వాటిలో ఒకటి సంస్థ పత్రాల్లో కేవలం "ఒక సభ్య దేశం" అని మాత్రమే కనబడుతుంది. భారతదేశం 1,044 టన్నుల మస్టర్డ్‌ను ప్రకటించి 2009 నాటికి నాశనం పూర్తిచేసింది. అందరికంటే ఎక్కువ నిల్వ ఉన్న రష్యా 2017 సెప్టెంబరులో ముగించింది. 2023 జూలై 7న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో సారిన్ నింపిన ఎం55 రాకెట్లలో చివరిదాన్ని నాశనం చేయడంతో లెక్క సున్నాకు వచ్చింది. ఒప్పందం మొదట పెట్టిన గడువు 2007, పొడిగించిన గడువు 2012. ఇక ప్రకటించనివి ఉన్నాయా అన్నది వేరే ప్రశ్న: 2013లో చేరిన సిరియా ప్రకటనలోని ఖాళీల గురించి సంస్థ ఏళ్ల తరబడి ప్రశ్నిస్తూ వచ్చింది.

వాటిని ఎలా నాశనం చేస్తారు?

రెండు దారులు: అత్యధిక వేడిలో కాల్చి పొగను శుద్ధి చేయడం, లేదా నీటితో గాని క్షారంతో గాని కలిపి విరగ్గొట్టి, మిగిలిన వ్యర్థాన్ని మళ్లీ శుద్ధి చేయడం. సముద్రంలో పారేయడం, భూమిలో పాతిపెట్టడం, బహిరంగంగా తగలబెట్టడం నిషిద్ధం. 2014లో సిరియా నుంచి తెచ్చిన రసాయనాల్లో మరీ ప్రమాదకరమైనవాటిని తమ నేల మీద నాశనం చేయడానికి ఏ దేశమూ ఒప్పుకోకపోవడంతో, కేప్ రే అనే అమెరికా ఓడలో రెండు యంత్రాలు అమర్చి, మధ్యధరా సముద్రం మీదే సుమారు 600 టన్నులను విరగ్గొట్టారు.

యుద్ధాల తర్వాత సముద్రంలో పారేసిన పాత గుండ్ల సంగతేమిటి?

1985 జనవరి 1కి ముందు సముద్రంలో పారేసినవాటిని, 1977 జనవరి 1కి ముందు పాతిపెట్టి అలాగే ఉన్నవాటిని ప్రకటించాలా వద్దా అన్నది ఆయా దేశాల ఇష్టానికే ఒప్పందం వదిలేసింది. తీసే ప్రయత్నంలో పగిలే ప్రమాదం, అయ్యే ఖర్చు చూసి దేశాలు వెనకాడాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బాల్టిక్ సముద్రంలో వేల టన్నులు పారేశారు. అడుగున చల్లటి నీటిలో మస్టర్డ్ పూర్తిగా కరగదు. పైన పెంకు గట్టిపడి, లోపల జిగటగా ఉండే ముద్దలవుతుంది. బోర్న్‌హోమ్ దీవి చుట్టుపక్కల జాలర్ల వలల్లో అవి చేపలతో పాటు పైకి వచ్చాయి. బంకమట్టి గడ్డ అనుకుని చేత్తో తీసి పారేసినవారికి వెంటనే నొప్పి తెలియదు. కొన్ని గంటల తర్వాత చేతుల మీద బొబ్బలు లేస్తాయి.